కర్ణుడి చావుకి కారణాలనేకం – మరి క్వార్టర్‌బ్యాక్ ఓటమికి?

ఈసారి గోడపత్రికకి పద్యం గురించో, ఒక కథ గురించో రాయమని మేడమ్ చెప్పారు. నేను ఆట గురించి రాసుకొచ్చాను. అదీ మన కాలేజీలో ఎవరూ ఆడని ఆట. కానీ చివరిదాకా చదివితే ఇది తెలుగు శాఖ గోడ మీద ఉండదగ్గదే అని మీరు ఒప్పుకుంటారని నా నమ్మకం. ఒప్పుకోకపోతే నాతో వాదించండి. అసలు ఈ వ్యాసమే ఒక వాదన నుంచి పుట్టింది.

మా పెద్దమ్మ కొడుకు, వదిన అమెరికాలో హ్యూస్టన్‌లో ఉంటారు. సోమవారం పొద్దున మేం ఇక్కడ కాఫీ తాగుతుంటే వాళ్లకక్కడ ఆదివారం రాత్రి. అప్పుడే ఫోన్ చేస్తారు. 2024 సీజన్ జరుగుతున్న నెలల్లో ఫోన్ ఎత్తగానే పలకరింపుల కంటే ముందు వాళ్లిద్దరి గొడవే వినిపించేది. వాళ్ల ఊరి జట్టు హ్యూస్టన్ టెక్సన్స్. దాని క్వార్టర్‌బ్యాక్ సి.జె. స్ట్రౌడ్. 2023లో కొత్తగా వచ్చినప్పుడు 23 టచ్‌డౌన్ పాస్‌లు వేసి, 5 మాత్రమే ప్రత్యర్థి చేతికి ఇచ్చాడు. ఊరంతా నెత్తిన పెట్టుకుంది. 2024లో ఆ లెక్క 20కి 12 అయింది. "వాడు చెడిపోయాడు" అని అన్నయ్య. "ఏడాదిలో 52 సార్లు కింద పడేశారు, మీరైతే లేచి నిలబడేవారా?" అని వదిన. ఇద్దరూ నన్ను తీర్పు చెప్పమనేవాళ్లు. నాకు ఆటే తెలియదు, తీర్పేం చెప్పను? అందుకని తెలుసుకున్నాను. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆట ఏమిటో చూద్దాం

ఇది మనం ఫుట్‌బాల్ అనుకునే ఆట కాదు. అమెరికన్ ఫుట్‌బాల్. బంతి రెండు చివర్లా కోసుగా ఉంటుంది. కాలితో తన్నడం తక్కువ, చేత్తో విసరడం, పట్టుకుని పరిగెత్తడం ఎక్కువ. ఒక్కో జట్టుకి మైదానంలో 11 మంది. బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకి వెళితే మళ్లీ నాలుగు దొరుకుతాయి. అలా 100 గజాల మైదానం దాటి అవతలి చివరకి బంతిని చేరిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు.

క్వార్టర్‌బ్యాక్ అంటే ప్రతి ప్రయత్నంలోనూ మొదట బంతి అందుకునేవాడు. అతని ముందు అయిదుగురు బలిష్ఠులు గోడలా నిలబడతారు. వాళ్ల మధ్యవాడు కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి ఇస్తాడు. ఆ క్షణం నుంచి క్వార్టర్‌బ్యాక్‌కి ఉండే సమయం సుమారు రెండున్నర మూడు సెకన్లు. ఆలోపల ఎవరు ఖాళీగా ఉన్నారో చూడాలి, బంతి వాళ్లకి విసరాలి. ఆలస్యమైతే ఎదుటి జట్టువాళ్లు గోడ దాటి వచ్చి అతన్ని పట్టి పడేస్తారు. దాన్ని సాక్ అంటారు. తొందరపడి తప్పుగా విసిరితే బంతి ప్రత్యర్థి చేతికి చిక్కుతుంది. అది ఇంటర్‌సెప్షన్.

ఏ ఎత్తు వేయాలో చాలాసార్లు శిక్షకుడే చెబుతాడు. క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో చిన్న రేడియో ఉంటుంది. గడియారంలో ఇంకా 15 సెకన్లు ఉందనగా అది ఆగిపోతుంది. అంటే ఆలోచన సగం వేరేవాళ్లది. విసిరే చెయ్యి మాత్రం అతనిది. టీవీలో మనకి కనిపించేది ఆ చెయ్యే.

రెండు వాదాలు

అభిమానుల గొడవంతా విని చూస్తే చివరకి రెండు వాదాలే మిగులుతాయి.

మొదటిది అన్నయ్య వాదం. జట్టులో అందరికంటే ఎక్కువ జీతం క్వార్టర్‌బ్యాక్‌దే. గెలిస్తే పత్రికల్లో బొమ్మ అతనిదే. పొగడ్త అతనికి వెళ్లినప్పుడు నింద మాత్రం పదకొండు మందికీ పంచడం ఏం న్యాయం? ఈ వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అమెరికాలో గణాంకాల పట్టికలు చూస్తే క్వార్టర్‌బ్యాక్ పేరు పక్కన ఇన్ని గెలుపులు, ఇన్ని ఓటములు అని రాస్తారు. గోడలా నిలబడ్డ అయిదుగురి పేర్ల పక్కన అలా రాయరు.

రెండోది వదిన వాదం. మనకి బాగా తెలిసిన మాటే: కర్ణుడి చావుకి కారణాలనేకం. పరశురాముడి శాపం, బ్రాహ్మణుడి శాపం, ఇంద్రుడు అడిగి పట్టుకెళ్లిన కవచకుండలాలు, కుంతికిచ్చిన మాట, శల్యుడి సూటిపోటి మాటలు, చివరకి నేలలో కూరుకుపోయిన రథచక్రం. వీటిలో ఏ ఒక్కటీ తీసేసినా ఆ రోజు కథ ఇంకోలా ఉండేదేమో. మరి ఒక ఆటగాడి ఓటమికి మాత్రం ఒక్కటే కారణం ఎలా ఉంటుంది?

అయితే వదిన కూడా ఒక విషయం మర్చిపోతుంది. ఆ కారణాల జాబితాలో కర్ణుడి సొంత తప్పులూ ఉన్నాయి. గురువు దగ్గర అబద్ధమాడాడు. నిండుసభలో అనరాని మాట అన్నాడు. కారణాలు అనేకం అన్నంత మాత్రాన కర్ణుడి పాలు సున్నా కాదు. కాబట్టి ప్రశ్న తప్పు ఎవరిది అన్నది కాదు, ఎవరి పాలు ఎంత అన్నది. ఆ పాలు ఎలా లెక్కకట్టాలో మూడు నిజమైన ఉదాహరణలతో చూద్దాం.

మొదటి ఉదాహరణ: గోడ లేని ఇల్లు

వదిన చెప్పిన 52 సంఖ్య విని నేను అయ్యో అనుకున్నాను. అదే ఊళ్లో అంతకంటే ఘోరం జరిగిందని తర్వాత తెలిసింది.

హ్యూస్టన్ పాత జట్టు ఆయిలర్స్ 1997లో టెన్నెసీకి వెళ్లిపోయింది. 2002లో కొత్తగా టెక్సన్స్ జట్టు పుట్టింది. ఆ ఏడాది కొత్త ఆటగాళ్ల ఎంపికలో మొదటి అవకాశం వాళ్లదే. డేవిడ్ కార్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకున్నారు. అతన్ని కాపాడటానికి టోనీ బోసెల్లీ అనే పేరున్న ఆటగాణ్ణి కూడా తెచ్చుకున్నారు. ఆయన స్థానం సరిగ్గా ఆ అయిదుగురి గోడలో ఎడమ చివర. కుడిచేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి అది వెనక వైపు, అంటే చూపు ఆనని వైపు. కానీ భుజం గాయం వల్ల బోసెల్లీ టెక్సన్స్ తరఫున ఒక్క ఆటా ఆడకుండానే రిటైర్ అయ్యారు.

మొదటి ఆటలోనే, 2002 సెప్టెంబర్ 8న, డల్లాస్ కౌబాయ్స్‌ని 19–10తో ఓడించారు. ఊరికి పండగ. ఆ తర్వాత మొదలైంది అసలు కథ. 16 ఆటల ఆ సీజన్‌లో కార్‌ని 76 సార్లు పట్టి పడేశారు. ఒక్క సీజన్‌లో ఒక క్వార్టర్‌బ్యాక్‌ని అన్నిసార్లు పడేయడం ఆ లీగ్‌లో రికార్డు. అంటే ఆటకి దాదాపు అయిదుసార్లు, వంద కిలోలు దాటిన మనుషులు వచ్చి మీద పడ్డారు. అయినా 16 ఆటలూ ఆడాడు. 2005లో మళ్లీ 68 సార్లు పడేశారు. ఆ ఏడాది జట్టు 2 గెలిచి 14 ఓడింది.

ఇక్కడ తప్పు గోడది అని చెప్పేసి ముగించవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. అప్పుడు అన్నయ్య ఒక మాట అన్నాడు: "సాక్ అంటే గోడ తప్పే అనుకోకు. కొందరు బంతిని మరీ ఎక్కువసేపు పట్టుకుని నిలబడతారు. ఆ గోడని ఎవడైనా ఎంతసేపు ఆపుతాడు?" నిజమే. కార్ మీద అప్పట్లో ఈ విమర్శ బలంగా ఉండేది. కొత్తలో దెబ్బలు తిన్నవాడికి ఖాళీగా ఉన్న మనిషి కంటే మీదకొస్తున్న మనిషే ముందు కనిపిస్తాడు. అప్పుడు అతని ఆట నిజంగానే చెడుతుంది. ఆ చెడటం అతనిదే, కానీ దాని మూలం అతనిది కాదు.

2006లో కార్ వేసిన పాస్‌లలో నూటికి 68.3 తనవాళ్ల చేతికే చేరాయి. ఆ ఏడాది లీగ్‌లో అదే అత్యధికం. అంకె చూస్తే అతనే అందరికంటే మేటి. కానీ జట్టు 6 గెలిచి 10 ఓడింది. ఎందుకంటే దగ్గరగా ఉన్నవాడికి విసిరే చిన్న పాస్‌లు ఎక్కువైతే శాతం పెరుగుతుంది, దూరం పెరగదు. సీజన్ అయ్యాక 2007లో అతన్ని వదిలేశారు. తర్వాత వేరే జట్లలో ఎక్కువగా రెండో వరసలోనే ఉన్నాడు.

ఇక్కడ అంకెల గురించి ఒక మాట చెప్పుకోవాలి. క్వార్టర్‌బ్యాక్‌ని కొలిచే పాసర్ రేటింగ్ అనే లెక్కని అక్కడి లీగ్ 1973 నుంచి వాడుతోంది. గరిష్ఠం 158.3. చేరిన పాస్‌లు, గజాలు, టచ్‌డౌన్‌లు, ఇంటర్‌సెప్షన్‌లు ఈ నాలుగే అందులో ఉంటాయి. సాక్‌లు ఉండవు. ఇంకో విచిత్రం, విసిరిన బంతి చక్కగా వెళ్లి తనవాడి చేతుల్లో పడి, ఎగిరి ప్రత్యర్థికి చిక్కినా అది క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోనే రాస్తారు. అంటే లెక్క కూడా చేతికి చిక్కినవాడి మీదే వేస్తుంది.

రెండో ఉదాహరణ: మనిషి అదే, సారథి వేరు

ఒక మనిషి పాలు ఎంతో తెలియాలంటే సులువైన దారి ఒకటుంది. మనిషిని అలాగే ఉంచి చుట్టూ ఉన్నవి మార్చి చూడటం. మన జీవితంలో ఇది కుదరదు. కానీ జారెడ్ గాఫ్ విషయంలో కుదిరింది.

2016లో లాస్ ఏంజెలిస్ రామ్స్ జట్టు ఇతన్ని అందరికంటే ముందుగా ఎంచుకుంది. ఆ ఏడాది 7 ఆటలు మొదలుపెట్టాడు, 7 ఓడాడు. 5 టచ్‌డౌన్ పాస్‌లు, 7 ఇంటర్‌సెప్షన్‌లు. ఆ సీజన్‌లో జట్టు మొత్తం చేసిన పాయింట్లు 224, లీగ్‌లో అన్నిటికంటే తక్కువ. సీజన్ మధ్యలోనే శిక్షకుడు జెఫ్ ఫిషర్‌ని తీసేశారు. గాఫ్ మీద కూడా పనికిరానివాడన్న ముద్ర పడబోతోంది.

2017లో షాన్ మెక్‌వే కొత్త శిక్షకుడిగా వచ్చాడు. అప్పటికి అతని వయసు 30. గోడలో ఎడమవైపు ఆండ్రూ విట్‌వర్త్ అనే అనుభవజ్ఞుణ్ణి తెచ్చారు. బంతి అందుకునేవాళ్లు కూడా కొత్తవాళ్లు వచ్చారు. అదే గాఫ్ ఆ ఏడాది 28 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు, 7 మాత్రమే పోగొట్టాడు. అతను ఆడిన 15 ఆటల్లో 11 గెలిచారు. జట్టు పాయింట్లు 478. లీగ్‌లో అందరికంటే ఎక్కువ. చివరి నుంచి మొదటికి ఒక్క ఏడాదిలో.

చదువుతుంటే నాకు కర్ణార్జునులే గుర్తొచ్చారు. విలువిద్యలో ఇద్దరూ సమానులే. ఒకరి రథం మీద కృష్ణుడు, ఇంకొకరి రథం మీద శల్యుడు. ఫిషర్‌ని శల్యుడు అనడం లేదు, ఆయనేమీ కావాలని చెడగొట్టలేదు. సారథి మారితే అదే విల్లు ఎంత వేరుగా పలుకుతుందో చెప్పడానికే ఈ పోలిక.

కథ ఇక్కడితో ఆగలేదు. 2018 సీజన్‌లో జట్టు చివరి పోరు దాకా వెళ్లింది. 2019 ఫిబ్రవరి 3న సూపర్ బౌల్‌లో న్యూ ఇంగ్లండ్ చేతిలో 13–3తో ఓడింది. అంతటి జట్టు 3 పాయింట్లే చేసింది. ఆ ఏడాదే సెప్టెంబర్‌లో గాఫ్‌కి 11 కోట్ల డాలర్ల గ్యారంటీతో ఒప్పందం ఇచ్చారు. జీతం పెరిగింది, నింద కూడా పెరిగింది. 2021లో అతన్ని డెట్రాయిట్ లయన్స్‌కి ఇచ్చేసి, పైగా ఆటగాళ్ల ఎంపికలో తమ ముందు వరస అవకాశాలు కూడా ఇచ్చి, అక్కడి మాథ్యూ స్టాఫర్డ్‌ని తెచ్చుకున్నారు.

స్టాఫర్డ్ డెట్రాయిట్‌లో 12 ఏళ్లు ఆడాడు. నాకౌట్ దశలో ఒక్క ఆటా గెలవలేదు. అతని గురించీ ఇదే చర్చ జరిగేది. లాస్ ఏంజెలిస్ వచ్చిన మొదటి సీజన్‌లోనే సూపర్ బౌల్ గెలిచాడు. అప్పుడు చాలామంది "చూశారా, తప్పంతా గాఫ్‌దే" అన్నారు. కానీ గాఫ్ డెట్రాయిట్‌లో మెల్లగా నిలదొక్కుకున్నాడు. మొదటి ఏడాది జట్టు 3 ఆటలే గెలిచింది. రెండో ఏడాది 9. మూడో ఏడాది 12. 2024 జనవరి 14న నాకౌట్‌లో ఎదురైంది ఎవరో తెలుసా? రామ్స్, మెక్‌వే, స్టాఫర్డ్. డెట్రాయిట్ 24–23తో గెలిచింది. ఆ ఊరికి 32 ఏళ్ల తర్వాత వచ్చిన నాకౌట్ గెలుపు అది. మైదానమంతా గాఫ్ పేరు పెట్టి అరిచింది.

ఇక్కడ ఆపితే సినిమాలా ఉంటుంది. కానీ నిజాయితీగా ఇంకో ఆట కూడా చెప్పాలి. తర్వాతి సీజన్‌లో డెట్రాయిట్ 15 గెలిచి 2 మాత్రమే ఓడింది. 2025 జనవరి 18న నాకౌట్‌లో వాషింగ్టన్ చేతిలో 45–31తో ఓడిపోయింది. ఆ రోజు గాఫ్ 3 ఇంటర్‌సెప్షన్‌లు ఇచ్చాడు, ఒకసారి బంతి చేజార్చుకున్నాడు. రక్షణ వరసకీ అందులో పాలుంది, అందులో చాలామంది గాయాలతో లేరు. అయినా ఆ నాలుగూ గాఫ్‌వే. మంచివాడైనంత మాత్రాన, ఒకప్పుడు అన్యాయం జరిగినంత మాత్రాన ఆ రోజు తప్పు వేరేవాళ్ల మీదకి వెళ్లదు.

మూడో ఉదాహరణ: చివరి తప్పే గుర్తుంటుంది

మళ్లీ హ్యూస్టన్‌కి వద్దాం, ఈసారి పాత జట్టు ఆయిలర్స్ దగ్గరికి. దాని క్వార్టర్‌బ్యాక్ వారెన్ మూన్. 1993 జనవరి 3న బఫలోలో నాకౌట్ ఆట. సగం ఆటకి ఆయిలర్స్ 28–3 ముందు ఉంది. ఆ నాలుగు టచ్‌డౌన్ పాస్‌లూ మూన్ వేసినవే. రెండో సగం మొదట్లో 35–3 అయింది. అక్కడి నుంచి బఫలో లేచింది. సమయం అయిపోయేసరికి 38–38. అదనపు సమయంలో మూన్ విసిరిన ఒక పాస్ ప్రత్యర్థి చేతికి చిక్కింది. ఆ వెంటనే బఫలో గెలిచింది, 41–38.

మూన్ ఆ రోజు 50 పాస్‌లు విసిరితే 36 చేరాయి, 371 గజాలు. అందులో చివరగా చిక్కిన ఒక్కటి తీసుకుని ఆటంతా అతనే పోగొట్టాడనవచ్చా? 32 పాయింట్ల ఆధిక్యం కరిగిపోయింది రక్షణ వరస మైదానంలో ఉన్నప్పుడు. ఆ విభాగం శిక్షకుణ్ణి తర్వాత తొలగించారు కూడా. అయినా చివరి తప్పు కంటికి దగ్గరగా ఉంటుంది, దూరంగా ఉన్నవి చిన్నవైపోతాయి. రథచక్రం కూరుకుపోవడం మనకి గుర్తున్నంతగా కవచకుండలాలు పోయిన రోజు గుర్తుండదు చూడండి, అలాగ.

మూన్ విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. ఆయన నల్లజాతివాడు. 1978లో కాలేజీ ఆటలో పేరు తెచ్చుకుని వచ్చినా అమెరికా లీగ్‌లో ఒక్క జట్టూ ఎంచుకోలేదు. నల్లవాళ్లు పరిగెత్తగలరు గానీ క్వార్టర్‌బ్యాక్‌గా ఆలోచించలేరు అన్న దురభిప్రాయం అప్పట్లో గట్టిగా ఉండేది. కెనడా వెళ్లి ఆడాడు, ఎడ్మంటన్ జట్టుతో వరసగా అయిదుసార్లు అక్కడి కప్పు గెలిచాడు, 1984లోగానీ హ్యూస్టన్‌కి రాలేకపోయాడు. సూపర్ బౌల్ గెలిచిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ డగ్ విలియమ్స్, అది 1988లో. ఇలాంటి వాళ్లు ఒక్క పాస్ తప్పుగా వేసినా, తప్పు చేశాడు అని కాకుండా, "మేం ముందే చెప్పలేదూ" అని అనేవాళ్లు ఉంటారు. అంటే నింద అందరి మీదా ఒకే బరువుతో పడదు. ఎవరి మీద ముందే అనుమానం ఉందో వాళ్ల మీద ఎక్కువ పడుతుంది. మూన్ 2006లో అక్కడి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు.

ఇక మన వ్యాకరణం

ఇప్పుడు మన శాఖ పని. అభిమానులు మాట్లాడే క్రియాపదాలు గమనించాను. గెలిస్తే "గెలిచాం". ఓడితే "ఓడిపోయారు". ఆడింది వాళ్లే, చూసింది మనమే, కానీ గెలుపులో ఉత్తమ పురుష, ఓటమిలో ప్రథమ పురుష. ఇది మన ఒక్కరి గుణం కాదు. రాబర్ట్ చాల్దీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 1976లో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. జట్టు గెలిచిన తర్వాత విద్యార్థులు తమ కాలేజీ పేరున్న బట్టలు ఎక్కువ వేసుకొచ్చేవాళ్లట. గెలుపు గురించి చెప్పేటప్పుడు "మనం" అనే మాట కూడా ఎక్కువ వాడారట.

ఇంకో అడుగు ముందుకి వెళితే "వాడే ఓడించాడు" వస్తుంది. ఓడు అన్నది మామూలు క్రియ. దానికి ఇంచు చేరిస్తే ఓడించు, ప్రేరణార్థకం. మామూలుగా ఆ మాట ప్రత్యర్థికి వాడతాం: బఫలో హ్యూస్టన్‌ని ఓడించింది. కానీ కోపంలో అదే మాట మనవాడికి అంటిస్తాం: మూన్ మనల్ని ఓడించాడు. ఒక్క ప్రత్యయంతో మనవాడు ప్రత్యర్థి అయిపోయాడు. పైగా ఆ వాక్యంలో కర్త ఒక్కడే. గోడకి, రేడియోలో మాట్లాడిన శిక్షకుడికి, 38 పాయింట్లు ఇచ్చినవాళ్లకి అందులో చోటే లేదు. మా ఇంట్లో కన్నడ కూడా మాట్లాడతాం. అక్కడా ఇంతే, "సోత్వి" అన్నది క్షణంలో "అవ్నే సోల్సిబిట్ట" అవుతుంది. రెండు భాషల్లోనూ నింద వేయడానికి ఒక్క ప్రత్యయం చాలు.

మైదానంలో జరిగే ఇంకో సంగతి కూడా మన మాటల్లోనే చెప్పవచ్చు. సొంత ఊళ్లో ఆడుతున్నప్పుడు తమ క్వార్టర్‌బ్యాక్ చేతికి బంతి రాబోతుంటే ప్రేక్షకులు నిశ్శబ్దంగా ఉంటారు. ఎందుకంటే అతని కేకలు పది మందికీ వినిపించాలి. ప్రత్యర్థి వంతు వచ్చినప్పుడు చెవులు పగిలేలా అరుస్తారు. మరి సొంతవాడు తడబడుతున్నప్పుడు సొంతవాళ్లే అరిచి గోల చేస్తే? అతని కేక తనవాళ్లకే వినిపించదు. రథం మీద కూర్చుని రథికుడి గుండె జార్చడాన్ని మన భాషలో శల్యసారథ్యం అంటారు. తప్పెవరిది అని లెక్కవేసే అభిమానులు ఆ లెక్కలో తమ పేరు మాత్రం రాసుకోరు.

అయితే పాలు ఎంత?

అన్నయ్యకి, వదినకి చివరకి నేను చెప్పిన తీర్పు ఇది. ఒక ఆటగాడిని నిందించే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి, పోయింది నిజంగా అతని చేతిలో ఉన్నదేనా, లేక అతని చేతిదాకా రాకముందే పోయిందా? రెండు, చుట్టూ మనుషులు మారినప్పుడు ఇతను మారాడా? మూడు, మొత్తం ఆట చూసి మాట్లాడుతున్నామా, చివరి బంతి చూసి మాట్లాడుతున్నామా? ఈ మూడూ అడిగాక మిగిలింది అతని పాలు. అది చిన్నదైనా పెద్దదైనా అతనిదే, దాన్ని చెప్పడం తప్పు కాదు. ఎక్కువ జీతం, ఎక్కువ పేరు తీసుకున్నవాడికి పెద్ద పాలు రావడం కూడా అన్యాయం కాదు. పెద్ద పాలు అంటే మొత్తం అని కాదు, అంతే.

అన్నయ్య "నువ్వు వదిన పక్షం" అన్నాడు. వదిన "నువ్వు అన్నయ్య పక్షం" అంది. కాబట్టి తీర్పు సరిగ్గానే ఉందనుకుంటున్నాను.

ఈ వ్యాసం రాస్తూ నా లెక్క కూడా ఒకటి తీశాను. పోయినేడాది మన శాఖ త్రోబాల్ ఆట మీలో చాలామంది చూశారు. చివరి బంతి ఒకమ్మాయి చేతిలోంచి జారింది, ఓడిపోయాం. మైదానంలోనే, అందరి ముందే, "నువ్వే ఓడించావ్" అన్నది నేను. ఆ తర్వాత ఆమె ప్రాక్టీసుకి రావడం మానేసింది. మొన్న స్కోరు రాసిన కాగితం దొరికితే చూశాను. ఆ సెట్‌లో మేం పోగొట్టుకున్న 15 పాయింట్లలో ఆమె చేతిలోంచి జారినవి 2. నా సర్వీసు తప్పి పోయినవి 4. ఆ నాలుగూ ఆట మొదట్లో పోయాయి, అందుకే ఎవరికీ గుర్తులేవు. నాకూ గుర్తులేవు.

ఆ మాట అందరి ముందు అన్నాను కాబట్టి ఈ లెక్కా అందరి ముందే పెడుతున్నాను. ఈ నెలలో ప్రాక్టీసు మళ్లీ మొదలవుతుంది. ఆమె ఈ గోడపత్రిక చదువుతుందని నాకు తెలుసు. వస్తే బాగుంటుంది. సర్వీసు ఈసారి ఆమె చేస్తే ఇంకా బాగుంటుంది.

– బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని